రిబ్బను కట్టిన గడ్డి మిషను

మా గరికలపూడిలో రోడ్డు పక్క పొలం ఉన్నవాడు అదృష్టవంతుడని మా నాన్న అంటుండేవాడు. ఆయన కాలంలో అధికారులకి జీపులు తక్కువ, ఉన్న జీపులు నలుగురు తోస్తేగాని కదిలేవి కావు. అందుకని పాపం అలా అనుకుని ఉంటాడు. ఇప్పుడు జీపులు పెరిగాయి, రోడ్డు బాగుపడింది, జిల్లాలో ఏ అధికారికి ఏ బుద్ధి పుట్టినా ముందు ఆగేది నా పొలం దగ్గరే. ఆ మధ్య గాలిని బాగుచెయ్యాలన్న బుద్ధి పుట్టింది. దాని సంగతే చెబుతాను.

అసలు గాలికి వచ్చిన జబ్బేమిటో ముందు చెప్పాలి. కోత మిషన్లు వచ్చాక వరి కోయడం పూట పనైంది. మిషను గింజ తను ఉంచుకుని, గడ్డిని చేలో వరసలు వరసలుగా కక్కి పోతుంది. ఆ గడ్డి తీస్తేగాని మినుములు చల్లలేం. మినుముకి విడిగా నీళ్ళు పెట్టడమన్నది అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. వరికి పెట్టిన నీటి తడి నేలలో మిగిలి ఉంటుందే, ఆ పదును మీదే మొలిచి, మంచుకే పండుతుంది. పదును ఉందో లేదో చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. గుప్పెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి. పొడిపొడిగా రాలిందంటే ఆ ఏటికి మినుము మీద ఆశ వదులుకోవాల్సిందే.

గడ్డి తీయిద్దామంటే కూలీలు దొరకరు. అందుకని ఏటా అందరం అగ్గిపుల్ల గీసేవాళ్ళం. పొగ లేచి, కాసేపు మా ఇళ్ళ మీద తచ్చాడి, తర్వాత పట్నం మీదికి పోయి కూర్చునేది. పట్నం బస్టాండులో గాలిలో సన్నధూళి ఎంతుందో చూపించే కరెంటు బోర్డొకటి పెట్టారు. మేం ఇక్కడ పుల్ల గీస్తే అక్కడ బోర్డు ఎర్రబడేది. నేనేమీ పొగని వెనకేసుకొచ్చే మనిషిని కాను. మా ఆవిడ సామ్రాజ్యానికి ఆ రోజుల్లో గుండెల్లో పిల్లికూతలు, ఊపిరాడేది కాదు. మంట పెట్టిన చేతులతోనే ఆమెకి ఆవిరి పట్టేవాణ్ణి.

అంతకు ముందు ఏడు తెగులొచ్చి మినుము మొత్తం పోయింది. ఈసారి కోతలు రాకముందే సామ్రాజ్యం తేల్చి చెప్పేసింది.

"ఈ యేడు చేలో నిప్పు పెట్టావంటే నేనూరుకోను. ఈ యేడు గూడా మినుం రాలేదా, పొలం కౌలుకిచ్చేసి పట్నం పోదాం. నువ్వు అపార్టుమెంటుకాడ వాచ్‌మేనుగా కూకో, నేను నాలుగిళ్ళల్లో వంట చేసుకుంటా."

ఆమెవి ఉత్తుత్తి మాటలు కావు. కౌలుకి అడిగిన మనిషితో కబురు కూడా నడుపుతోంది. పుట్టి బుద్ధెరిగి పొలం తప్ప ఇంకోటి ఎరగనివాణ్ణి, నా గుండెల్లో రాయి పడింది. నిప్పు పెట్టకూడదు, మినుము పోకూడదు, ఈ రెండూ ఎట్టా కుదురుతాయిరా భగవంతుడా అని బెంగపడుతున్న రోజుల్లోనే ప్రభుత్వం రంగంలోకి దిగింది.

పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. జిల్లా సూక్ష్మధూళి నివారణ ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు వచ్చారు. మనిషి మహా శుభ్రం. కుర్చీ మనం తుడిచినా, తన రుమాలుతో మళ్ళీ తుడిచిగాని కూర్చోరు. పక్కన మా మండల వ్యవసాయాధికారి హిమజ నిలబడి ఉంది. చిన్న వయసే, మమ్మల్ని బాబాయ్, పిన్నీ అని పిలుస్తుంది.

"రైతు సోదర సోదరీమణులారా!" అన్నారు వైకుంఠరావు గారు. "ఇకమీదట గడ్డి అనునది వ్యర్థము కాదు, వనరు. వనరును దహించుట నేరము. దహింపక వదలివేయుట అలసత్వము. ఈ రెంటికిని మధ్యేమార్గముగా ప్రభుత్వమువారు బేలరు అను యంత్రమును మీ గ్రామమునకు ప్రసాదించుచున్నారు."

"అంటే ఏందమ్మా?" అని మా పక్క చేను అంకమ్మరావు హిమజని అడిగాడు.

"చేలో గడ్డిని తనే ఏరుకుని, తాడు చుట్టి, కట్టలు కట్టి బయటపడేసే మిషను బాబాయ్. ఒక్క పూటలో చేను శుభ్రమైపోతుంది. నిప్పుతో పనే లేదు."

నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి సర్కారువాళ్ళకి మంచి బుద్ధి పుట్టిందని సామ్రాజ్యం కూడా ఒప్పుకుంది. ఆమె సర్కారుని మెచ్చుకోవడం నేను మొదటిసారి వినడం.

మిషను రానే వచ్చింది. లారీ మీద, డప్పులు ముందు నడవగా వచ్చింది. ఎర్రగా నిగనిగలాడుతోంది. ఒంటినిండా బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, ఎదర గుమ్మడికాయతో దిష్టి. రోడ్డు పక్క పొలం కాబట్టి, అప్పుడే కోత అయిన నా చేలోనే దించారు. దించి, గడ్డి మింగే నోటికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. కట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను వైకుంఠరావు గారి దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని అడిగాను. "అయ్యా, మిషనైతే వచ్చింది. నడిపేదెప్పుడండీ?"

"ప్రారంభోత్సవానంతరం."

"అదెప్పుడండీ?"

"గౌరవ మంత్రివర్యులు తేదీ ప్రసాదించినప్పుడు."

"ఈలోపల ఒక్క నా చేను వరకు నడుపుకుంటానండీ. పదును పోతోంది."

ఆయన నా వంక జాలిగా చూశారు. "చూడు శేషగిరీ, ప్రారంభం కాని యంత్రం ప్రభుత్వం దృష్టిలో లేని యంత్రం. లేని యంత్రాన్ని నడపడం ఎలా సాధ్యం?"

"లేని మిషను నా చేలో ఎట్టా ఉందండీ?"

"అక్కడ ఉన్నది యంత్రం కాదు. సరఫరాలో ఉన్న సామగ్రి."

సరే, సామగ్రితో మనకేం పని, మనమే పంగలకర్రలతో తలా ఒక చెయ్యి వేసి గడ్డి గట్టుమీదికి లాగేద్దామని అంకమ్మరావుని తోడు పిలిచాను. నాలుగు వరసలు లాగామో లేదో హిమజ స్కూటీ మీద పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఆపండాపండి! ప్రత్యేకాధికారి గారు ఫోన్ చేశారు. ప్రారంభోత్సవం రోజున చేలో గడ్డి ఉండాలంట. గడ్డి లేకపోతే మంత్రిగారు దేన్ని కట్టలు కడతారని కోప్పడుతున్నారు."

"మంత్రిగారు ఏ రోజొత్తారో చెప్పమ్మా, ఆ రోజుకి గడ్డి నేనే తెచ్చి పోస్తా."

"నా చేతిలో ఏముంది బాబాయ్!" అంది పాపం. లాగిన నాలుగు వరసల్నీ మాచేతే మళ్ళీ పరిపించారు. మునుపు ఎలా ఉన్నాయో అలాగే పరవాలని ఫోటో తీసి మరీ చూసుకున్నారు. ఆ గడ్డికి కాపలాగా నన్నే పెట్టారు. నా చేలో నా గడ్డికి నేను కాపలా. ఎవరి నుంచయ్యా అంటే నా నుంచే.

కాపలా కాస్తున్నా కన్నుగప్పి అంకమ్మరావు గేదె చేలో పడింది. కడుపునిండా మేసి, మిషను నీడన పడుకుని నెమరేసుకుంటూ దొరికిపోయింది. వైకుంఠరావు గారు స్వయంగా విచారణకొచ్చారు. గడ్డి ఎంత మేర తగ్గిందో టేపుతో కొలిపించారు.

"సార్," అంది హిమజ నెమ్మదిగా, "గడ్డి కాల్చకుండా తీసెయ్యడమే కదండీ మన శాఖ ఆశయం. గేదె పొగ లేకుండానే తీసేసింది."

"ఆశయం నెరవేరితే చాలదమ్మా, సక్రమంగా నెరవేరాలి," అన్నారాయన. "ఈ గేదెకి ప్రారంభోత్సవం జరిగిందా?"

అంకమ్మరావు తల గోక్కుని, "లేదండీ, దూడ పుట్టినప్పుడు పసుపు కుంకుమ పెట్టామంతే" అన్నాడు. అది చెల్లదన్నారు.

తేదీ మాత్రం రావడం లేదు. ఒకసారి మూఢం అన్నారు. ఒకసారి మంత్రిగారు ఇంకో ప్రారంభోత్సవంలో ఉన్నారన్నారు. ఇంకోసారి పట్నం గాలికి ఆయనకి దగ్గు పట్టుకుందన్నారు. ఈ ఖాళీలో శాఖవారు ఊరికే కూర్చోకూడదని గాలి చైతన్య యాత్ర తలపెట్టారు. జిల్లాలో ఉన్న ఆటోలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు అన్నీ జెండాలు కట్టుకుని, మా ఊరి నుంచి పట్నం బస్టాండు దాకా బారులు తీరి పోయాయి. నన్నూ ఒక ట్రాక్టరు మీదెక్కించి, "పొగ వద్దు, గాలి ముద్దు" అని అరిపించారు. ముందు ట్రాక్టరు పొగ సూటిగా నా నోట్లోకి కొడుతుంటే "పొగ వద్దు" అన్న మాట మాత్రం మనస్ఫూర్తిగా అరిచాను. బస్టాండు చేరేసరికి బోర్డు ఎర్రగా మండిపోతోంది. ఒక్క అగ్గిపుల్ల గీయకుండా అంత ఎరుపు మేం ఎన్నడూ తెప్పించలేదు. ఇదేమిటండీ అని పత్రికలవాళ్ళు అడిగితే వైకుంఠరావు గారు తొణకలేదు.

"రైతు వదిలేది కాలుష్యపు పొగ. ఇది చైతన్యపు పొగ. రెంటినీ ఒకే గాటన కట్టరాదు. బోర్డుకి ఆ విచక్షణ నేర్పవలసి ఉంది."

ఇక్కడ నా చేలో పదును జారిపోతోంది. పొద్దున్నే సామ్రాజ్యం గడ్డి తప్పించి గుప్పెడు మట్టి తీసేది, నొక్కేది, నా మొహం వంక చూసేది. మొదట్లో ముద్ద కట్టేది. తర్వాత ముద్దకి నెర్రెలు వచ్చాయి. ఆమె ఏమీ అనకపోవడమే నాకు భయం. తిట్టే మనిషి తిట్టకపోతే అంతకన్నా ఆపద లేదు. కౌలు మనిషి ఓ రోజు వచ్చి గట్టంతా తిరిగి, పొలం కొలతలు చూసుకుని పోయాడు.

ఆఖరికి ఒకనాడు వైకుంఠరావు గారు మిషను దండలు వాడిపోయాయేమో చూసుకోవడానికి వచ్చినప్పుడు, సామ్రాజ్యం ఆయన ఎదట నిలబడి గుప్పెడు మట్టి నొక్కి చూపించింది. మట్టి వేళ్ళ సందుల్లోంచి పొడిగా రాలిపోయింది.

"చూడండి సారూ, ఇదీ మా బతుకు. నాలుగు దినాలు ముందైతే మినుం పడేది."

ఆయన రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "అమ్మా, ముందు ఆ మట్టి కింద పడెయ్యి, ధూళి లేస్తోంది. నేలలో తేమ మా శాఖ పరిధిలోకి రాదు. మా పరిధి నేల మీద నుంచి మొదలవుతుంది."

ఆయన కారెక్కాక సామ్రాజ్యం నోరు విప్పింది. ఆ తిట్లు ఇక్కడ రాయను. అన్నీ అయ్యాక నాకు మాత్రం ఊపిరి వచ్చింది.

ఆయన వచ్చి పోయిన మర్నాడే తేదీ ఖాయమైంది. ఒక్కసారిగా ఊళ్ళో హడావిడి మొదలైంది. మంచుకి తడిసిన గడ్డి కట్టకి రాదని తెలిసి, దాన్ని తిరగేసి ఆరబెట్టడానికి ఉపాధి కూలీలని దింపారు. నేను కూలీల కోసం వెతికినప్పుడు ఒక్కరూ దొరకలేదు, ఇప్పుడు చేనంతా జనమే. వాళ్ళు గడ్డి పైకెత్తి తిప్పుతుంటే, సామ్రాజ్యం ఇంట్లోకి పోయి, విత్తనానికని కొనిపెట్టిన మినుముల బస్తా మూతి విప్పి, కొంగులో పోసుకుని వచ్చింది. కూలీలు గడ్డి ఎత్తిన చోటల్లా గుప్పిళ్ళతో విసిరి కొట్టడం మొదలెట్టింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందే?" అన్నాను పరిగెత్తి. "పదును లేని నేల, పైన మళ్ళీ గడ్డి! ఎట్టా మొలుత్తయ్యి?"

"మొలవకపోతే మట్టిలో కలుత్తయ్యి. ఆ బస్తాని పట్నం మోసుకుపోయి ఏం చేసుకోను? మినుములు చల్లకుండా ఈ చేను వదిలిపోయానన్న మాట నాకొద్దు. పక్కకి జరుగు."

చల్లుతూనే ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నేను కూడా ఒక చెయ్యి వేశాను. కూలీలు గడ్డి మళ్ళీ నేల మీదికి దించారు. ఏం జరిగిందో పై అధికారులెవరికీ తెలియదు. హిమజ చూసింది గాని, అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించింది.

ఇక అసలు తమాషా అప్పుడు మొదలైంది. మంత్రిగారికి దగ్గు కాబట్టి, ఆయన నిలబడే చోట సన్నధూళి అనేదే ఉండరాదని పైనుంచి ఆజ్ఞ. వైకుంఠరావు గారు అరచేతిలో ఇమిడే మీటరొకటి పట్టుకుని ఊరంతా తిరిగారు. ఎక్కడ ఎర్ర అంకె కనబడితే అక్కడ నిషేధం. మా వాకిట్లో సామ్రాజ్యం పొడి ముగ్గు వేస్తుంటే మీటరు ఎర్రబడింది. ముగ్గు నిషేధం. కళ్ళాపి మాత్రం బాగా చల్లమన్నారు. అది "సాంప్రదాయిక ధూళి అణచివేత" అట. అంకమ్మరావు ఇంట్లో పోపులో ఎండుమిరపకాయ మాడి మీటరు కీచుమంది. ఊళ్ళో పోపులు ఆపేశారు. చప్పిడి పప్పు తిని ఊరంతా నీరసపడింది. హారతిచ్చి స్వాగతం పలకాల్సిన ఆడపిల్లల్ని మొహానికి పౌడరు రాసుకోవద్దన్నారు. వాళ్ళు అలిగి రామంటే, పౌడరు రాసుకుని పైన తడిగుడ్డ అద్దుకోవచ్చని సడలింపు ఇచ్చారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నా చేను. పదును పోయిన నేల కదా, మనిషి నడిస్తే చాలు దుమ్ము. వైకుంఠరావు గారు నీళ్ళ ట్యాంకర్లు పిలిపించారు. కాలవ నుంచి తోడుకొచ్చి, చేనంతా పైపులతో చిలకరించారు. దుమ్ము అణిగింది. అణిగిందని రుజువు చేసుకోవడానికి మంత్రిగారి కార్ల వరస ఎలా వస్తుందో ఒకసారి నడిపి చూశారు. అన్ని కార్లు ఒక్కసారి మట్టిబాట దిగితే దుమ్ము లేవదా? మీటరు ఎర్రబడింది. మళ్ళీ ట్యాంకర్లు. మళ్ళీ కార్లు. మళ్ళీ దుమ్ము. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఇదే వరస. నీళ్ళు గడ్డిలోంచి నెమ్మదిగా దిగి, నేల హాయిగా తాగింది.

సాయంత్రం సామ్రాజ్యం వంగి, గడ్డి తప్పించి గుప్పెడు మట్టి తీసి నొక్కింది. నా వైపు తిరిగి అరచెయ్యి చాపింది. నున్నటి ముద్ద.

"ఇంకో రెండు ట్యాంకర్లు ఆ ఈశాన్యం మూలకి కొట్టించమని చెప్పయ్యా. అక్కడ దుమ్ము లేత్తందని చెప్పు," అంది. నేను పరిగెత్తి చెప్పాను. నా పౌరబాధ్యతకి వైకుంఠరావు గారు నా భుజం తట్టారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు దగ్గుతూ వచ్చారు. పౌడరు మొహాల తడి ఆడపిల్లలు పొగ రాకుండా కరెంటు దీపంతో హారతిచ్చారు. ఆయన రిబ్బను కత్తిరించి, మిషను తగిలించిన ట్రాక్టరు ఎక్కి స్టీరింగు పట్టుకున్నారు. పక్కనే కూర్చున్న డ్రైవరు గేరు వేశాడు. గౌరవనీయుల సమయం అమూల్యం కాబట్టి ఒక తయారు కట్టని ముందే మిషను కడుపులో పెట్టి ఉంచారు. ట్రాక్టరు కదలగానే ఆ కట్ట వెనక నుంచి దబ్బున పడింది. మీద గులాబి పువ్వు కూడా గుచ్చి ఉంది. చప్పట్లే చప్పట్లు. ఇంకో రెండు బారలు పోయిందో లేదో, నానిన నేలలో మిషను చక్రాలు జర్రున దిగాయి. దిగి దిగి ఇరుసు దాకా కూరుకుపోయింది. ముందు భాగం వంగి నేలకి ఆనింది.

జనం గొల్లుమనబోయేలోపే వైకుంఠరావు గారు మైకు అందుకున్నారు. "యంత్రరాజము నేలతల్లికి పాదాభివందనము చేయుచున్నది!"

మంత్రిగారు కూడా వంగి నేలకి దణ్ణం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయారు. ట్రాక్టరుని ఎలాగో విడదీసి బయటకి లాగారు. మిషను మాత్రం నా చేను నడిమధ్య సాష్టాంగపడి అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి పొద్దున్నే సామ్రాజ్యం చేలోంచి పెట్టిన కేక విని, పామేమోనని కర్ర పట్టుకుని పరిగెత్తాను. పామూ లేదు, తేలూ లేదు. గడ్డి సందుల్లోంచి పచ్చగా మినుం మొలకలు తలెత్తి చూస్తున్నాయి. చేనంతా. ఈశాన్యం మూల మరీ ఒత్తుగా.

"చూశావా! చూశావా!" అని నా వీపు మీద ఒక్కటేసింది. సంతోషం వస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. నేను గట్టు మీద కూలబడి మొహం తుడుచుకున్నాను. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు.

అది చూసి అంకమ్మరావు, తర్వాత మిషను కోసం గడ్డి అలాగే ఉంచుకున్న ఊరు ఊరంతా కాలవ నీళ్ళు ఒక తడి పెట్టి, గడ్డి ఎత్తి కిందనే మినుములు చల్లేశారు. ఆ ఏడు మా ఊళ్ళో ఒక్కడూ అగ్గిపుల్ల గీయలేదు. మా ఊరి వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా బస్టాండు బోర్డు పచ్చగా వెలుగుతోందని బస్సు కండక్టరు చెప్పాడు. సామ్రాజ్యం పిల్లికూతలు లేకుండా నిద్రపోయింది. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం కొత్తగా ఉండి చాలాసేపు నిద్ర పట్టేది కాదు.

పైరు జానెడు ఎదిగాక వైకుంఠరావు గారు క్రేను వేసుకుని దిగారు. ఇంకో మండలంలో ప్రారంభోత్సవానికి మిషను కావాలట. సామ్రాజ్యం కొంగు బిగించి గట్టుకి అడ్డం నిలబడింది.

"మీరు గడ్డి ముట్టుకోమాకండి అంటే ముట్టుకోలేదు. పోపు పెట్టుకోమాకండి అంటే పెట్టుకోలేదు. ఇప్పుడు నా పైరు మీద చక్రం పడిందంటే మాత్రం బాగుండదు సారూ!"

ఆడమనిషితో గొడవ శాఖాపరంగా మంచిది కాదని ఆయన వెనక్కి తగ్గారు.

ఇంతలో రాజధాని నుంచి నిపుణుల బృందం ఊడిపడింది. జిల్లాలో మిగతా ఊళ్ళన్నీ ఎప్పటిలాగే తగలబెట్టుకుంటే, ఒక్క గరికలపూడిలో మంట ఎందుకు లేదో పరిశోధించడానికి. గట్టు మీద కుర్చీలు వేయించుకుని గంటసేపు చర్చించారు. అందరిలోకి పెద్దాయన తేల్చి చెప్పారు.

"బేలరు ఉన్న ఊరు ఇదొక్కటే. మంట లేని ఊరూ ఇదొక్కటే. కనుక మంట ఆగడానికి బేలరే కారణం. అయితే ఆ బేలరు నడవలేదు. కనుక నడవకపోవడమే దాని పనితీరులోని కీలకాంశం."

హిమజ ఏదో చెప్పబోయింది. వైకుంఠరావు గారు ఆమె వంక చూసిన చూపుకి నోరు మూసుకుంది.

"అమ్మా," అని పెద్దాయన సామ్రాజ్యాన్ని అడిగారు, "మీ పంటకి ఈ యంత్రం ఏ విధంగా తోడ్పడుతోంది?"

ఆమె మిషను వంక చూసింది. దాని మీద నాలుగైదు గోరింకలు వాలి ఉన్నాయి. ఉన్నమాటే చెప్పింది. "పిట్టలు వాలతన్నయ్యండీ. దిగి పురుగులు ఏరుకు తింటన్నయ్యి. దానికైతే బాగానే ఉంది."

బృందంలో అందరూ గబగబా రాసుకున్నారు.

మినుము ఇరగపండింది. కౌలు మనిషి ఆఖరుసారిగా అడగడానికి వస్తే సామ్రాజ్యం వాడికి మజ్జిగిచ్చి, "పొలం మేమే చేసుకుంటాం బాబూ, నువ్వింకోచోట చూసుకో" అని పంపించేసింది. నేను దొడ్లో ఉండి విన్నాను. నా చెవులతో అంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు. వైకుంఠరావు గారికి ప్రమోషనొచ్చింది. శాఖ నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. ప్రతి ఊరికీ ఒక బేలరు మంజూరు. దాన్ని చేను మధ్య పక్షి స్థావరంగా నిలపవలెను. పక్షులను ఆకర్షించుటకు పసుపు రంగు వేయవలెను. ఎట్టి పరిస్థితుల్లోను నడపరాదు.

మినుము కోతయ్యాక నా చేలో మిషనుని క్రేనుతో లాక్కుపోయారు. మరుసటి ఏడు వరి కోతలయ్యేసరికి మా ఊరికి మళ్ళీ ఒకటి వచ్చింది, పసుప్పచ్చగా. అంకమ్మరావు చేలో నిలిపి పోయారు. మూడోనాడు మధ్యాహ్నం హిమజ వచ్చి, అటూ ఇటూ చూసి, మా ఆవిడ చెవిలో అంది.

"పిన్నీ, ఇంత చదువు చదివాను. ఇది నడవగా ఒక్కసారైనా చూడలేదు. నడుపుదామా?"

అద్దెకి ట్రాక్టరు తెచ్చి తగిలించాం. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! అంకమ్మరావు చేనూ నా చేనూ పొద్దు వాలకముందే అద్దంలా తయారయ్యాయి. గడ్డి మింగడం, కట్ట వదలడం, మింగడం, వదలడం. పొగ లేదు, మంట లేదు. సామ్రాజ్యం గట్టు మీద నిలబడి నోరు తెరుచుకుని చూసింది.

"ఓరి వీళ్ళ దుంపతెగ! దీంట్లో ఇంత సుఖముందా! మరి నడపనీరేందయ్యా?"

వారం తిరక్కుండా హిమజకి పైనుంచి తాఖీదు వచ్చింది. మా అరుగు మీద కూర్చుని, బిక్కమొహం వేసుకుని చదివి వినిపించింది. "పక్షి స్థావరముగా నిర్ధారింపబడిన యంత్రమును మీరు గడ్డి కట్టలు కట్టు నిమిత్తము దుర్వినియోగపరచి, దానిపై ఆసీనములైయున్న పక్షులకు అసౌకర్యము కలిగించినట్లు మా దృష్టికి వచ్చినది. తక్షణమే సంజాయిషీ ఇవ్వవలెను." కింద వైకుంఠరావు గారి సంతకం.

"ఉద్యోగం పోతుందేమో పిన్నీ."

"నువ్వు కళ్ళు తుడుచుకో. కాయితం తీసి రాయి," అంది సామ్రాజ్యం. "పిట్టలకేం ఇబ్బంది లేదు, ఇప్పుడవి కట్టల మీద వాలతన్నయ్యి, మునుపటికన్నా ఎత్తుగా బాగుందని రాయి."

హిమజ అలాగే రాసి పంపింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదని జవాబొచ్చింది. దాంతోపాటు, సదరు కట్టలు కూడా పక్షి స్థావరములే గనుక తదుపరి ఉత్తర్వుల వరకు వాటిని చేలోంచి కదపరాదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. అది వచ్చేసరికి కట్టలన్నీ పశువుల మేతకని డెయిరీవాళ్ళ లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. సామ్రాజ్యం కొంగులో మినుములు పోసుకుని చేలోకి దిగుతోంది.